సంస్థ పేరిట మొబైల్ యాప్: గడ్డిఅన్నారం, దిల్‌సుఖ్‌నగర్

ఒక కోచింగ్ సెంటరో దుకాణమో రవాణా సంస్థో తన పేరుతో, తన లోగోతో తయారు చేయించుకుని గూగుల్ ప్లే స్టోర్‌లోనో ఆపిల్ యాప్ స్టోర్‌లోనో ఉంచే మొబైల్ యాప్‌ను వాడుకలో 'సొంత యాప్' అంటారు. హైదరాబాద్ తూర్పున గడ్డిఅన్నారం, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతంలో దీని అవసరం ఎక్కువగా పడింది కోచింగ్ సెంటర్లకు. యాప్ రాయించడం ఒక ఎత్తు. దాన్ని పరీక్షించి, స్టోర్ అనుమతి పొంది, జనం ఫోన్లలోకి చేర్చడం మరో ఎత్తు. ఈ రెండో పని గడచిన పదిహేనేళ్లలో ఎన్నో మలుపులు తిరిగింది. ప్రతి మలుపులోనూ స్టోర్లు అడుగుతూ వచ్చింది ఒకటే: బోర్డు మీద పేరున్నవారూ, యాప్‌ను స్టోర్‌లో పెట్టినవారూ ఒకరేనా?

ప్రాంతం

గడ్డిఅన్నారం 2007 ఏప్రిల్ దాకా వేరే మున్సిపాలిటీ. ఎల్బీనగర్, ఉప్పల్ కలాన్ వంటి మరో 11 మున్సిపాలిటీలతో పాటు అప్పుడు జీహెచ్‌ఎంసీలో కలిసింది. 1986లో వచ్చిన పండ్ల మార్కెట్ ఈ ఊరి పేరును రాష్ట్రమంతటికీ తెలిపింది. సుమారు 22 ఎకరాల ఆ మార్కెట్‌ను 2021-22లో బాటసింగారానికి తరలించారు. ఖాళీ అయిన స్థలంలో టిమ్స్ ఆస్పత్రికి 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన జరిగింది. పక్కనే ఉన్న దిల్‌సుఖ్‌నగర్ విజయవాడ రహదారి మీది కూడలి. నల్లగొండ, ఖమ్మం వైపు నుంచి ఉద్యోగ పరీక్షల కోసం వచ్చే యువత దిగేది ఇక్కడే. హాస్టళ్లు, స్టడీ హాళ్లు, పుస్తకాల షాపులు, కోచింగ్ సెంటర్లు ఒకదాన్ని పట్టుకుని ఒకటి పెరిగాయి.

2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఎల్బీనగర్ దాకా మెట్రో నడవడం మొదలైంది. మెట్రో అధికారిక యాప్ 'టీ సవారి' అంతకు పది నెలల ముందే, 2017 నవంబరు 28న, మెట్రో ప్రారంభోత్సవం రోజునే విడుదలైంది. ఆర్టీసీ బస్సు ఎక్కడుందో చూపే 'గమ్యం' యాప్ 2023 ఆగస్టులో వచ్చింది.

స్టోర్లు పుట్టాక

ఆపిల్ యాప్ స్టోర్ 2008 జులై 10న సుమారు 500 యాప్‌లతో తెరుచుకుంది. ఆండ్రాయిడ్ మార్కెట్ అదే ఏడు అక్టోబరులో మొదలై, 2012 మార్చిలో గూగుల్ ప్లేగా మారింది. యాప్ పెట్టాలంటే ఆపిల్‌కు ఏటా 99 డాలర్లు కట్టాలి. గూగుల్‌కు ఒక్కసారి 25 డాలర్లు చాలు. మన దగ్గర చిన్న సంస్థలు ముందుగా ఆండ్రాయిడ్ వైపు మొగ్గడానికి ఈ తేడా కొంత కారణం. కొనేవారి చేతుల్లో ఎక్కువగా ఆండ్రాయిడ్ ఫోన్లే ఉండటం అంతకన్నా పెద్ద కారణం.

ఫోన్‌లో తెలుగు సరిగా కనబడటానికే చాలాకాలం పట్టింది. ఆండ్రాయిడ్‌కు తెలుగు ఫాంటు 2012లో 4.1 వెర్షన్‌తో చేరింది. అంతకు ముందు ఫోన్లలో తెలుగు అక్షరాల చోట ఖాళీ డబ్బాలు కనిపించేవి. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా చవకయింది. మరుసటి ఏడాది ప్రభుత్వ 'మన టీవీ' టీ-శాట్‌గా మారి, ఉద్యోగ పరీక్షల పాఠాలను యాప్ ద్వారా కూడా అందించింది. ఫోన్‌లో పాఠం వినడం అభ్యర్థులకు అలవాటయింది.

జ్ఞా

తెలుగు యాప్ పరీక్ష గురించి చెప్పేటప్పుడు 2018 ఫిబ్రవరిని వదిలి ముందుకు పోలేం. ఐఫోన్‌లో ఒక తెలుగు అక్షరం కనబడగానే మెసేజ్‌లు, వాట్సాప్ వంటి యాప్‌లు కుప్పకూలాయి. ఆ అక్షరం 'జ్ఞా'. మామూలుగా టైపు చేసిన 'జ్ఞానం' వల్ల ఏమీ కాలేదు. జకారం, పొల్లు, ఞకారం తర్వాత దీర్ఘానికి ముందు కంటికి కనబడని ఒక యూనికోడ్ గుర్తు చేరినప్పుడే చిక్కు వచ్చింది. అక్షరాన్ని గీసే వ్యవస్థ ఆ వరుసను అర్థం చేసుకోలేకపోయింది. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 వెర్షన్ విడుదల చేసి సరిదిద్దింది.

ఇందులో తప్పు తెలుగుది కాదు. ప్రపంచవ్యాప్తంగా వాడే ఒక వ్యవస్థను కోట్లమంది రాసుకునే లిపితో సరిగా పరీక్షించకపోవడమే తప్పు. ఆ పాఠం చిన్న యాప్‌కూ వర్తిస్తుంది. ఆంగ్లంలో అందంగా కుదిరిన బటన్‌లో తెలుగు మాట పెడితే ఒత్తులు కింద తెగిపోతాయి, గుడి పైన తెగుతుంది, పొడుగు మాట రెండో వరుసలోకి జారుతుంది. పరీక్షించేవారిలో తెలుగు చదివేవారు లేకపోతే ఇవి ఎవరి కంటా పడవు.

లాక్‌డౌన్, వైట్ లేబుల్

2020 మార్చి 25 ఉగాది. దేశమంతటా లాక్‌డౌన్ మొదలైన రోజూ అదే. తెలుగు ఓటీటీ 'ఆహా' యాప్ పూర్తిస్థాయిలో అందుబాటులోకి వచ్చిన రోజు కూడా. కోచింగ్ సెంటర్లకు మాత్రం తరగతి గదులు మూతపడ్డాయి, అద్దెలు ఆగలేదు. పాఠాన్ని ఫోన్‌లోకి ఎక్కించడం తప్పనిసరయింది.

సొంతంగా యాప్ రాయించేంత డబ్బు, సమయం చిన్న సంస్థలకు లేవు. ఆ ఖాళీని వైట్ లేబుల్ యాప్‌లు నింపాయి. 2018లో నోయిడాలో మొదలైన క్లాస్‌ప్లస్ ఇందులో పేరున్న సంస్థ. పద్ధతి తేలికే. లోపలి ప్రోగ్రాం అందరికీ ఒకటే. పైన పేరు, లోగో, రంగులు మారుస్తారు. వీడియో పాఠాలు, మాక్ టెస్టులు, ఫీజుల చెల్లింపు అన్నీ సిద్ధంగా ఉంటాయి. విద్యార్థికి లింక్ పంపితే చాలు, ప్లే స్టోర్‌లో తన సార్ పేరుతోనే యాప్ కనబడుతుంది. 2022 ఏప్రిల్ 26న తెలంగాణ తొలి గ్రూప్-1 ప్రకటన 503 పోస్టులతో వెలువడే నాటికి ఇంట్లో కూర్చుని ఫోన్‌లో సిద్ధమయ్యే పద్ధతి స్థిరపడింది.

ఈ ఏర్పాటు ఎందరో ఉపాధ్యాయులను నిలబెట్టింది. ఆ మేలు చిన్నది కాదు. అయితే యాప్ పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే డెవలపర్ పేరు చూస్తే, అక్కడ ఉండేది చాలాసార్లు యాప్ చేసిచ్చిన కంపెనీదే. సెంటర్ ఆ కంపెనీతో తెగతెంపులు చేసుకుంటే యాప్, రేటింగులు, దించుకున్న విద్యార్థులు ఎవరికి చెందుతారన్నది ఒప్పంద పత్రంలో ఏం రాసుకున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది.

పేరు ఎవరిది

ఈ చిక్కును మొదట పట్టుకున్నది ఆపిల్. ఒకే అచ్చు మీద పోసిన యాప్‌లను తిరస్కరిస్తామంటూ 2017 జూన్‌లో తన మార్గదర్శకాల్లో 4.2.6 నిబంధన చేర్చింది. చిన్న వ్యాపారాలు నష్టపోతాయని అమెరికా కాంగ్రెస్ సభ్యుడు టెడ్ ల్యూ లేఖ రాశారు. డిసెంబరులో ఆపిల్ నిబంధనను సవరించింది. అచ్చు మీద పోసినా సరే, అందులోని విషయం ఎవరిదో వారే తమ ఖాతా నుంచి నేరుగా సమర్పించాలి. లేదా అందరినీ ఒకే ఉమ్మడి యాప్‌లో ఉంచాలి. కోచింగ్ సెంటర్ విద్యార్థుల్లో ఆండ్రాయిడ్ వారికి సార్ పేరుతో యాప్ ఉండి, ఐఫోన్ వారు ఉమ్మడి యాప్ దించుకుని సంస్థ కోడ్ కొట్టాల్సి రావడం ఈ నిబంధన ఫలితమే.

సొంత ఖాతా తెరవడమూ అంత సులువు కాదు. సంస్థ పేరిట ఖాతాకు ఆపిల్, వ్యాపార సంస్థలను గుర్తించే 9 అంకెల డన్స్ నంబరు అడుగుతుంది. చట్టప్రకారం నమోదైన పేరే చెల్లుతుంది, దుకాణం బోర్డు మీది పేరు చెల్లదు. ఒక్కరే యజమానిగా ఉన్న సంస్థలు వ్యక్తిగత ఖాతానే తీసుకోవాలి. అప్పుడు స్టోర్‌లో విక్రేతగా యజమాని సొంత పేరు కనబడుతుంది. 2023 ఆగస్టు 31 నుంచి గూగుల్ కూడా సంస్థల కొత్త ఖాతాలకు డన్స్ నంబరు తప్పనిసరి చేసింది. ఇంట్లోంచి నడిచే ట్యూషన్‌కు ఇది భారమే. కానీ ఒక ప్రసిద్ధ సంస్థ పేరు పెట్టుకుని నకిలీ యాప్‌తో ఫీజులు దండుకునేవారిని ఆపాలంటే ఇలాంటి గడప ఒకటి ఉండాల్సిందే.

పరీక్ష

తొలి రోజుల్లో పరీక్ష అంటే ఆండ్రాయిడ్ యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఏపీకే ఫైలును నలుగురికి పంపి 'ఓపెన్ అవుతోందా?' అని అడగడం. ఐఫోన్‌లకు 2010లో వచ్చిన టెస్ట్‌ఫ్లైట్ అనే పరీక్ష సాధనాన్ని ఆపిల్ 2014లో కొనేసింది. అందులో ఒక బిల్డ్ (పరీక్ష కూర్పు) 90 రోజులు పనిచేస్తుంది, బయటి టెస్టర్లు 10,000 మంది దాకా ఉండవచ్చు. గూగుల్ ప్లేలో 100 మంది దాకా అంతర్గత పరీక్ష, పిలిచినవారికే పరిమితమైన క్లోజ్డ్ టెస్టింగ్, ఎవరైనా చేరగల ఓపెన్ టెస్టింగ్ అని మూడు అంచెలున్నాయి.

2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకు గూగుల్ కొత్త షరతు పెట్టింది. కనీసం 20 మంది టెస్టర్లు వరుసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్టింగ్‌లో ఉండాలి. 2024 డిసెంబరులో ఈ సంఖ్యను 12కు తగ్గించింది. సంస్థ ఖాతాలకు ఈ షరతు లేదు. కోచింగ్ సెంటర్‌కు టెస్టర్లు దొరకడం కష్టం కాదు, ఒక బ్యాచ్ విద్యార్థులు చాలు. వారి దగ్గరుండే పాత, చవక ఫోన్లు, హాస్టల్ గదిలో తడబడే సిగ్నల్ ఏ ల్యాబులోనూ దొరకని పరీక్ష పరిస్థితులు. మాక్ టెస్టు మధ్యలో నెట్ పోతే రాసిన జవాబులు నిలుస్తాయా? ఫీజు కట్టాక యాప్ మూతపడితే కోర్సు తెరుచుకుంటుందా? ముందుగా చూడాల్సినవి ఇవే.

స్టోర్ రివ్యూకు పంపేటప్పుడు లాగిన్ అడిగే యాప్ అయితే పరిశీలకులకు పనిచేసే ఖాతా ఒకటి ఇవ్వాలి. ఓటీపీ ఒక విద్యార్థి ఫోన్‌కు మాత్రమే వచ్చేలా ఉంటే పరిశీలకులు లోపలికే వెళ్లలేరు, యాప్ రిజెక్ట్ అవుతుంది.

తాళం చెవి

ఆండ్రాయిడ్ యాప్‌కు డిజిటల్ సంతకం వేసే కీ, కీస్టోర్ అనే ఫైలులో ఉంటుంది. అది పోతే ఒకప్పుడు యాప్‌కు అప్‌డేట్ ఇచ్చే దారి ఉండేది కాదు, కొత్త యాప్‌గా సున్నా నుంచి మొదలుపెట్టాల్సిందే. 2017లో గూగుల్ సంతకపు కీని తానే భద్రపరిచే ఏర్పాటు తెచ్చింది. 2021 ఆగస్టు నుంచి కొత్త యాప్‌లకు అది తప్పనిసరి. యాప్‌ను స్టోర్ గుర్తుపట్టే ప్యాకేజీ పేరు మాత్రం ఇప్పటికీ ఒకసారి పెడితే మారదు. సంస్థ పేరు మారినా స్టోర్‌లో కనబడే పేరు, లోగో మాత్రమే మార్చుకోగలం. రాష్ట్ర సంస్థల పేర్లలో టీఎస్ పోయి టీజీ వచ్చిన 2024 వంటి సందర్భాల్లో ఈ తేడా తెలిసి ఉండాలి. యాప్‌ను ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు బదిలీ చేసే వీలు రెండు స్టోర్లలోనూ ఉంది, కానీ ఇచ్చే ఖాతాదారు ఒప్పుకోవాలి.

2024 మార్చి 1న గూగుల్, యాప్‌లోని చెల్లింపులపై కమీషన్ వివాదంలో నౌకరీ, భారత్ మ్యాట్రిమోనీ, 99 ఏకర్స్ సహా కొన్ని భారతీయ సంస్థల యాప్‌లను ప్లే స్టోర్ నుంచి తీసేసింది. కేంద్రం జోక్యంతో కొద్ది రోజుల్లోనే అవి తిరిగి వచ్చాయి. స్టోర్‌లో యాప్ ఉండటం ఎవరి ఇష్టం మీద ఆధారపడి ఉందో అప్పుడు పెద్ద సంస్థలకూ అర్థమైంది.

స్టోర్ బయట నుంచి దించుకునే యాప్‌లకు కూడా డెవలపర్ గుర్తింపు ధ్రువీకరణ ఉండాలని గూగుల్ 2025 ఆగస్టులో ప్రకటించింది. 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయిలాండ్‌లలో మొదలుపెట్టి, 2027 నుంచి మిగతా దేశాలకు విస్తరించాలన్నది ఆ ప్రకటనలోని ప్రణాళిక. వాట్సాప్ గ్రూపులో ఏపీకే పంపి యాప్ పంచే పద్ధతి కూడా దీని పరిధిలోకి వస్తుంది.