లాన్ కేబులూ, చెరోకీ అల్లికా

పోయిన వేసవిలో స్మోకీ మౌంటెన్స్ చూడ్డానికెళ్ళి నార్త్ కరోలినాలోని చెరోకీ ఊళ్ళో ఆగాం. అక్కడి ఒకొనలుఫ్టీ ఇండియన్ విలేజ్‌లో ఒకావిడ మగ్గం లేకుండా, ఒట్టి వేళ్ళతో నడికట్టు అల్లుతోంది. మన జడ అల్లికలాంటిదే గానీ పాయలు చాలా ఎక్కువ. మగ్గం మీద పడుగు పడుగే, పేక పేకే. ఇక్కడ అలా కాదు. అంచునున్న పోగు మిగతావాటి కిందా మీదా దూరి అవతలి అంచు చేరేదాకా పేక, చేరాక మళ్ళీ పడుగు. తర్వాత దాని పక్కదాని వంతు. అచ్చం రౌండ్ రాబిన్ షెడ్యూలింగే!

ఇంటికొచ్చాక ఊరుకోబుద్ధి కాలేదు. ఉన్ని లేదు, పాత లాన్ కేబుళ్ళున్నాయి. రెండు చీలిస్తే పదహారు రంగుల తీగలొచ్చాయి. మూడు సాయంత్రాలు కుస్తీ పట్టాను. తీగ ఒకసారి వంగితే ఆ వంపు పోదు, బిగుసుకోదు. జల్లెడ తయారైంది! తర్వాత పాత టీషర్టు పేలికలతో అల్లితే కాస్త పట్టీలా వచ్చింది. అది చూసి మా మిత్రుడొకడు "ఉన్ని లేకుండా సంప్రదాయమేంట్రా?" అని నవ్వాడు.

సరే, ఆ ఉన్ని మాత్రం ఎక్కడిది? అమెరికాకి గొర్రెలొచ్చింది యూరప్ వాళ్ళతోనే. అంతకుముందు ఆ ప్రాంతం తెగలవాళ్ళు బైసన్ జుట్టుతో, మల్బరీ బెరడు నారతో అల్లుకునేవాళ్ళు. 18వ శతాబ్దంలో వర్తకులు జింకతోళ్ళు తీసుకుని ఉన్ని దుప్పట్లూ, గాజుపూసలూ ఇచ్చేవారు. వీళ్ళు ఆ దుప్పట్లనే విప్పి, పోగులు మళ్ళీ వడికి, మధ్యలో పూసలు గుచ్చి నడికట్లు అల్లారు. పరాయి సరుకుని పోగుపోగుగా విడదీసి తమది చేసుకున్నారన్నమాట. అప్పటి కొత్త ముడిసరుకే ఇప్పటి సంప్రదాయం.

తర్వాత 1830లో తరలింపు చట్టమొచ్చింది. 1838-39లో దాదాపు 16,000 మంది చెరోకీలని సైన్యం పడమటికి తరిమింది. 4,000 మంది దాకా చనిపోయారని అంచనా. ఇళ్ళు, పొలాలు పోయాయి. ఈ పనికి మగ్గం మోసుకెళ్ళక్కర్లేదు, వేళ్ళుంటే చాలు. కొండల్లో మిగిలిపోయినవాళ్ళ వారసులే ఇవాళ ఆ ఊరివాళ్ళు.

కాబట్టి మా వాడికి నా జవాబు: సంప్రదాయం ఉన్నిలో లేదు, వేళ్ళలో ఉంది. అలాగని నా టీషర్టు పట్టీని చెరోకీ నడికట్టు అనను. తెగవాళ్ళు చెయ్యనిదాన్ని వాళ్ళు చేసిందని అమ్మితే అక్కడ 1990 చట్టం ప్రకారం నేరం కూడా. పద్ధతి ఎవరైనా నేర్చుకోవచ్చు. ఆ పేరు మాత్రం ఇంత పోగొట్టుకుని కూడా నిలబెట్టుకున్నవాళ్ళది.