గ్రేట్ నికోబార్ విమానాశ్రయం: ధ్వని, భూమి, ప్రజల మాట

అండమాన్ నికోబార్ దీవుల దక్షిణ కొసన ఉన్న గ్రేట్ నికోబార్‌లో ప్రస్తుతం విమానాలు దిగేందుకు ఒక చిన్న రన్‌వే మాత్రమే ఉంది. కాంప్‌బెల్ బేలోని ఈ స్థావరం 2012 జులై 31న ఐఎన్ఎస్ బాజ్ పేరుతో నౌకాదళ సేవలో చేరింది. ఇదే దీవిలో పౌర, సైనిక అవసరాలు రెండింటికీ ఉపకరించే అంతర్జాతీయ విమానాశ్రయాన్ని కేంద్ర ప్రభుత్వం ప్రతిపాదించింది. రద్దీ వేళ గంటకు 4,000 మంది ప్రయాణికులు దీని సామర్థ్యం. కంటైనర్ నౌకాశ్రయం, విద్యుత్ కేంద్రం, కొత్త పట్టణం కూడా ఉన్న 166.10 చదరపు కిలోమీటర్ల ప్రాజెక్టులో ఇది ఒక భాగం.

ఎవరి నేల?

విమానాశ్రయానికి ఎంచుకున్న గాంధీనగర్, శాస్త్రినగర్ పరిసరాలు జనావాసాలే. 1969 నుంచి ప్రభుత్వం మాజీ సైనికుల కుటుంబాలను ఈ దీవి తూర్పు తీరంలో స్థిరపరచింది. వారు అడవిని సాగుభూమిగా మార్చి, కొబ్బరి, పోక తోటలు పెంచారు. నికోబారీల పూర్వీకుల గ్రామాలు కూడా ఈ తీరంలో ఉండేవి. 2004 డిసెంబర్ 26 నాటి సునామీ తర్వాత బతికినవారిని కాంప్‌బెల్ బే సమీపంలోని పునరావాస కాలనీలకు తరలించారు. సొంత ఊళ్లకు తిరిగి వెళ్లనివ్వాలని వారు నాటి నుంచీ కోరుతున్నారు.

ధ్వనికి హద్దులు

2000 నాటి ధ్వని కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు గరిష్ఠ పరిమితి. విమానాశ్రయాల చుట్టూ వర్తించే ప్రమాణాలను కేంద్రం 2018లో విడిగా ప్రకటించింది. ఏడాదికి 50,000కు మించి విమానాల రాకపోకలున్న చోట పగలు 70, రాత్రి 65. ఇతర విమానాశ్రయాల వద్ద పగలు 65, రాత్రి 60 డెసిబెళ్లు పరిమితి. పది డెసిబెళ్లు పెరిగితే ధ్వని శక్తి పది రెట్లవుతుంది. చెవికి శబ్దం సుమారు రెట్టింపుగా వినిపిస్తుంది. కాబట్టి రాత్రివేళ 45కు, 60కి మధ్య ఉన్న తేడా చిన్నది కాదు.

ఈ ప్రమాణాలు ప్రతిపాదిత విమానాశ్రయాలకు వర్తించవు. కానీ రన్‌వే ఏ దిశగా ఉండాలి, విమానాలు ఏ ఊరి మీదుగా దిగాలి అన్నవి ప్రతిపాదన దశలోనే తేలిపోతాయి. నిర్మాణం పూర్తయ్యాక రన్‌వే దిశను మార్చడం దాదాపు అసాధ్యం.

అభ్యంతరం ఎప్పుడు చెప్పాలి?

పర్యావరణ ప్రభావ మదింపుపై 2006 నాటి నోటిఫికేషన్ బహిరంగ విచారణను తప్పనిసరి చేసింది. మదింపు నివేదిక సారాంశం స్థానిక భాషలోనూ అందుబాటులో ఉండాలి. గ్రేట్ నికోబార్ ప్రాజెక్టుపై ఈ విచారణ 2022 జనవరి 27న కాంప్‌బెల్ బేలో జరిగింది. అదే ఏడాది నవంబర్‌లో పర్యావరణ అనుమతి లభించింది.

2013 నాటి భూసేకరణ చట్టం కింద సామాజిక ప్రభావ అధ్యయనం, దానిపై విచారణ జరగాలి. ప్రాథమిక ప్రకటన వెలువడిన 60 రోజుల్లోగా భూయజమానులు అభ్యంతరాలు తెలపవచ్చు. భూమి కోల్పోనివారిపైనా ప్రభావం ఉంటుంది: 2015 నాటి నియమాల ప్రకారం విమానాశ్రయం చుట్టూ 20 కిలోమీటర్ల పరిధిలో కట్టడాల ఎత్తుపై ఆంక్షలు వర్తిస్తాయి.

భిన్న వాదనలు

మలక్కా జలసంధికి చేరువలో ఉన్న ఈ దీవి దేశ రక్షణకు, వాణిజ్యానికి కీలకమన్నది ప్రభుత్వ వాదన. పాలనా కేంద్రమైన శ్రీ విజయపురం ఇక్కడికి 500 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. అత్యవసర వైద్యం అవసరమైన రోగికి విమాన సౌకర్యం ప్రాణాధారమే.

మరోవైపు, లిటిల్, గ్రేట్ నికోబార్ గిరిజన మండలి 2022 ఆగస్టులో ఇచ్చిన నిరభ్యంతర పత్రాన్ని నవంబర్‌లో ఉపసంహరించుకుంది. సునామీకి ముందు తాము నివసించిన గ్రామాల భూములు కూడా ప్రాజెక్టులోకి వస్తున్నాయని తమకు చెప్పలేదన్నది ఆ మండలి అభ్యంతరం. పర్యావరణ అనుమతిని పునఃపరిశీలించేందుకు జాతీయ హరిత ట్రైబ్యునల్ 2023 ఏప్రిల్‌లో ఉన్నతాధికార కమిటీని ఏర్పాటు చేసింది.

2011 జనగణన ప్రకారం ఈ దీవుల జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. దీవుల్లో ఎక్కడ రన్‌వే ప్రతిపాదన వచ్చినా, సమీప గ్రామాలవారు ముందుగా అడిగి చూడవలసినవి మూడు: రన్‌వే దిశను చూపే పటం, ధ్వని ప్రభావిత ప్రాంతాల అంచనా, రాత్రి విమానాల ప్రణాళిక. విచారణలో చెప్పిన అభ్యంతరం అధికారిక నమోదులోకి చేరుతుంది; అనుమతి ఇచ్చే ముందు దాన్ని పరిశీలించవలసి ఉంటుంది.