మెలటోనిను మాత్ర పూర్వాపరములు

నిద్ర పట్టని జనులు నేడు లక్షలాదిగా మ్రింగుచున్న మెలటోనిను, నిద్రను గూర్చి శోధించువారికి గాక చర్మవర్ణమును గూర్చి శోధించువారికి ముందుగా చిక్కుట ఈ చరిత్రయందలి మొదటి విచిత్రము. మెదడు నడుమ బియ్యపుగింజంత పరిమాణమున నుండు పీనియల్ గ్రంథిని 17వ శతాబ్దమున ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్టు ఆత్మకు ప్రధానస్థానమనెను. అటుపిమ్మటివారు పలువురు దానిని నిరర్థకమైన అవశేషముగా నెంచిరి. 1917లో మెక్కార్డ్, అలెన్ అను పరిశోధకులు పశువుల పీనియల్ సారమును కప్పపిల్లలపై ప్రయోగింపగా వాని మేనిరంగు వెలిసిపోయెను. ఈ ఫలితమునే ఆధారముగా గొని, బొల్లికి మందు దొరకకపోవునా యను నాశతో, యేల్ విశ్వవిద్యాలయమునందలి చర్మవైద్యుడు ఆరన్ లెర్నర్ కబేళాలనుండి పశుగ్రంథులను కుప్పలుగా తెప్పించి, సంవత్సరములకొలది శ్రమించి, 1958లో రంగును వెలియజేయు ఆ ద్రవ్యమును వేరుచేసి మెలటోనినని పేరిడెను. బొల్లికి మాత్రము మందు దొరకలేదు.

తరువాతి పరిశోధనలయందు తేలిన సంగతి ఒకటి మిక్కిలి గమనింపదగినది. మెలటోనిను పగలు తిరుగు మనుష్యునియందు వలెనే, రాత్రియెల్ల ఆహారము వెదకుచు తిరుగాడు ఎలుకయందును చీకటిలోనే స్రవించును. అది సహజముగా నిద్రను కలిగించు మందే యైనచో ఎలుక రాత్రులు మేల్కొనియుండుట ఎట్లు? కావున నది శరీరమునకు రాత్రి వచ్చినదని తెలుపు వార్తయే గాని నిద్ర గాదని చెప్పవలసియున్నది. ప్రఖరమైన దీపకాంతి మనుష్యులయందు ఈ స్రావమును అణచివేయునని 1980లో ఆల్‌ఫ్రెడ్ లూయీ నిరూపించెను. ఆ దశాబ్దముననే ఇంగ్లండునందు జోసెఫీన్ అరెంట్, ఖండాంతర విమానయానముచే దారితప్పిన దేహకాలమును దీనితో సరిదిద్దవచ్చునని చూపెను. అమెరికానుండి హైదరాబాదునకు వచ్చి పట్టపగలు తూగుచు అర్ధరాత్రి మేలుకొనియుండు మనవారికి ఆ బాధ ఎట్టిదో వివరింప నక్కరలేదు.

1994లో ఎం.ఐ.టి.యందు రిచర్డ్ వుర్ట్‌మన్ బృందము, మిల్లీగ్రాములో మూడవవంతునకు మించని మోతాదే రక్తమున సహజమైన రాత్రిస్థాయిని కలిగింప జాలునని ప్రకటించెను. ఆ సంవత్సరముననే అమెరికా శాసనసభ ఆహారపూరకములను గూర్చిన చట్టమును గావించుటచే, ఈ హార్మోను వైద్యుని చీటితో పనిలేక విటమినుల సరసన అంగడి కెక్కెను. 3, 5, 10 మిల్లీగ్రాముల మాత్రలు వెలసెను. శాస్త్రము చాలునన్న దానికి వర్తకుడు పదింతలు, ముప్పదింతలు కొలిచి యిచ్చుట నాకు వింతగనే తోచును. ఐరోపాలో మాత్రము 2007లో 55 ఏండ్లు దాటిన నిద్రలేమి రోగులకు, మెల్లగా కరగు 2 మిల్లీగ్రాముల మాత్రను ఔషధముగానే అనుమతించిరి. 2017లో కెనడాయందు 31 సరకులను పరీక్షింపగా, ఒకదానియందు చీటిపై వ్రాసిన దానిలో అయిదవవంతైన లేదు, మరియొకదానియందు అంతకు అయిదింతలకు పైగా నున్నది.

ఇంతకును ఈ ద్రవ్యము నిజముగా నెరవేర్చిన ఘనకార్యము అంగడి కోలాహలమునకు దూరముగా జరిగెను. కంటికి వెలుతురు సోకని అంధులలో అనేకుల దేహకాలము దినదినమును కొంత కొంత వెనుకబడుచుండును. వారికి కొన్ని వారములు రాత్రి నిద్రయు, కొన్ని వారములు పగటినిద్రయు తప్పవు. 2000లో ప్రకటితమైన అధ్యయనమునందు, అట్టి యేడుగురికి నిత్యము నియతవేళ మెలటోని నిచ్చి, వారిలో ఆరుగురి దేహకాలమును ఇరువదినాలుగు గంటల దినమునకు కట్టుబడునట్లు చేయగలిగిరి. సామాన్యమైన నిద్రలేమికి మాత్రము దీనిని వాడవలదనియే అమెరికా నిద్రావైద్య సంఘము 2017లో సూచించెను. ఆధారము బలహీనమని కూడ ఒప్పుకొనెను.