పీటనుండి పుట్టిన కల్లోలము

అస్తవ్యస్తమైన స్థితిని చెప్పుటకు ఆంగ్లేయులు నేడు వాడెడు ‘షాంబుల్స్’ అను మాట తన పుట్టుకయందు ఏ కల్లోలమును ఎఱుగదు. చిన్న పీట అను అర్థముగల లాటిన్ పదమొకటి ప్రాచీనాంగ్లమున చొచ్చి, సరకు పఱచు బల్లకును, పిమ్మట మాంసము విక్రయించు బల్లకును పేరై, తుదకు మాంసపుటంగళ్ల వీథికే సంజ్ఞయైనది.

ఇంగ్లండులోని యార్క్ నగరమున ఆ పేరుగల వీథి నేటికిని కలదు. 1086 నాటి భూముల లెక్కపుస్తకమగు డూమ్స్‌డే గ్రంథముననే అచటి మాంసవిక్రయపు బల్లల ప్రస్తావన యున్నది. ఎదురెదురు మేడల పై అంతస్తులు ముందునకు వంగి ఒండొంటిని తాకునేమో యనునంత ఇఱుకైన ఆ త్రోవలో, కిటికీల క్రింది వెడల్పైన పలకలపై మాంసఖండములను పఱచి, కొన్నిటిని కొక్కెములకు వ్రేలాడగట్టి, ఇండ్లవెనుకనే పశువులను వధించి, ఆ నెత్తురును నడిమి కాలువగుండ కడిగివైచెడివారు. ఎండ సోకకుండుట ఆ ఇఱుకుదనమువలని లాభము.

ఆ నెత్తురే పదమునకు నంటినదని నా తలంపు. 16వ శతాబ్దమున పశువధశాలయనియు, పిదప శవములు గూలిన స్థలమనియు అర్థము గడించిన ఆ మాట, 20వ శతాబ్దమున సర్దని గదికిని వర్తించునంత పలుచబడి, తాను మోసిన మూగజీవుల వేదనను పూర్తిగా మఱచినది; ఇది నాకు మిక్కిలి బాధాకరముగా తోచును.

1872లో యార్క్ నగరపు ఆ వీథిని 25 కసాయి దుకాణము లుండెడివి. నేడొక్కటియు లేదు, కొక్కెములు మాత్రము కొన్ని గోడలకు మిగిలియున్నవి.