మంచమున పడినవారికి మరల బ్రదుకు

మన యిండ్లలో నెవరికైనను వెన్నెముక విరిగి కాళ్లు పడిపోయినచో, వారి నొక గదిలో పరుండబెట్టి, వేళకింత యన్నము పెట్టి, పూర్వజన్మ కర్మమని కన్నీరు విడుచుటతో మన కర్తవ్యము తీరెననుకొందుము. ఇందు ప్రేమ లేకపోలేదు. ఆశ మాత్రము లేదు. ఒకప్పుడు ఐరోపా వైద్యులును నిట్లే తలచుచుండిరి.

1917 వ సంవత్సరమున జర్మనీలో నొక యాసుపత్రియందు సేవకుడుగా నున్న లూడ్విగ్ గుట్‌మన్ అను యువకుడు వెన్ను విరిగిన బొగ్గుగని కూలివాని నొకని చూచెను. ఇతడు కొలది వారములకంటె బ్రదుకడని పెద్దలు చెప్పిరి, అట్లే జరిగెను. ఆ దృశ్యమును గుట్‌మన్ మరువలేదు. తరువాత నాతడు నాడీవైద్యుడై పేరందెను. కాని యూదుడగుటచే నాజీల ద్వేషమునకు గురియై 1939 లో కుటుంబముతో నింగ్లండు చేరెను. గాయపడిన సైనికులకై 1944 ఫిబ్రవరి 1 వ తేదీన స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో తెరవబడిన విభాగమునకు ఆతడే యధిపతి యయ్యెను.

ఆ రోగులను చంపుచున్నది విరిగిన వెన్ను కాదని యాతడు గ్రహించెను. స్పర్శజ్ఞానము లేని శరీర మొకేచోట నొత్తుకొనియుండుటచే నెత్తురు ప్రసరింపక పడకపుండ్లు పుట్టును. మూత్రము నిలిచి చెడి మూత్రపిండములను పాడుచేయును. వీనివలననే మరణము. దీనికి ప్రధానమైన విరుగుడు రెండు గంటల కొకమారు రాత్రింబవళ్లు రోగిని ప్రక్కకు త్రిప్పుట, మూత్రవిసర్జన విషయమున మిక్కిలి శుచిని పాటించుట. పరిచారకులు సరిగా త్రిప్పుచున్నారో లేదో యని గుట్‌మన్ నడిరేయి తానే వచ్చి చూచుచుండెను. తక్కువ పనియని లోకము చులుకన చేయు పరిచర్యయే యచ్చట ప్రాణదాత యయ్యెను.

ప్రాణము నిలిచినంతనే పని ముగియలేదు. రోగులు ప్రతిదినము వ్యాయామము చేసి, చక్రముల కుర్చీలలో కర్మశాలకు పోయి వడ్రంగమో గడియారములు బాగుచేయుటయో నేర్చుకొనవలెను. ఇచ్చట జబ్బుగా నుండుటకే తీరిక లేదని యొక రోగి గొణిగెనట! విలువిద్యయు దినచర్యలో చేరెను. 1948 జూలై 29 వ తేదీన లండనులో ఒలింపిక్ క్రీడ లారంభమైనప్పుడే యీ యాసుపత్రి యావరణమున 16 మంది కుర్చీలలో కూర్చుండి బాణములు వేసిరి. ఆ చిన్న పందెమే నేటి పారాలింపిక్ క్రీడలకు మూలము.

ఇది సీమకు మాత్రమే చెల్లునని యెవరైన ననవచ్చును. మన చిత్తూరు సీమకు పొరుగుననున్న వేలూరును చూడుడు. 1954 లో ప్రమాదమున వెన్ను దెబ్బతిని నడక కోల్పోయిన డాక్టరు మేరీ వర్గీసు, చక్రముల కుర్చీలో కూర్చుండియే కుష్ఠరోగుల చేతులకు శస్త్రచికిత్స చేసెను. పిమ్మట విదేశములలో నీ విద్య నభ్యసించి వచ్చెను. ఆమె కృషివలన 1966 లో వేలూరున పునరావాసశాల వెలసెను. వైద్యము చేసిన చేయి తానును రోగి చేయియే!

సోదరీసోదరులారా, ఆసుపత్రి యెంత చేసినను రోగి తుదకు తిరిగివచ్చునది మన యింటికే. అచ్చట నాతనికై కన్నీరు కాచుకొనియుండవలెనా, గడప దాటుటకు వీలైన బాటయు, చేతికి తగిన పనియు కాచుకొనియుండవలెనా? ఆ నిర్ణయము వైద్యులది కాదు, మనదే.