అడగని బదిలీ

ఆయన అడగలేదు, ఆయన్ను ఎవరూ అడగలేదు. 1976 మే 27న రాష్ట్రపతి పేరిట ఉత్తర్వు వచ్చింది, గుజరాత్ హైకోర్టు న్యాయమూర్తి సంకల్‌చంద్ హిమత్‌లాల్ సేఠ్ ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు బదిలీ అయ్యారు. ఆ ఏడాది అలా కదిలించినవాళ్లు 16 మంది. మన ప్రధాన న్యాయమూర్తి ఎస్.ఓబుల్ రెడ్డిని గుజరాత్‌కు పంపి, అక్కడి ప్రధాన న్యాయమూర్తి బి.జె.దివాన్‌ను అప్పట్లో మూసీ ఒడ్డునున్న మన హైకోర్టుకు తెచ్చారు.

జాతీయ సమైక్యత కోసమేనని ప్రభుత్వం చెప్పింది. కానీ అది ఎమర్జెన్సీ కాలం. పాత్రికేయుడు కులదీప్ నయ్యర్ నిర్బంధం కేసు విన్న ఢిల్లీ హైకోర్టు న్యాయమూర్తి రంగరాజన్‌ను గౌహతికి పంపారు. ఆ బెంచిలో ఆయన పక్కన కూర్చున్న ఆర్.ఎన్.అగర్వాల్‌ను ఖాయం చేయకుండా మళ్లీ సెషన్స్ జడ్జిని చేశారు. మిగతా జడ్జీలకు విషయం అర్థం కావడానికి ఇంతకన్నా ఏం కావాలి?

సేఠ్ ఉత్తర్వును ధిక్కరించలేదు. హైదరాబాద్ వచ్చి బాధ్యతలు తీసుకున్నారు. ఆ తర్వాత గుజరాత్ హైకోర్టులోనే కేసు వేశారు. ఎమర్జెన్సీ ఇంకా నడుస్తుండగానే ఆ కోర్టు బదిలీని కొట్టేసింది. బదిలీకి ముందు భారత ప్రధాన న్యాయమూర్తిని సంప్రదించాలని రాజ్యాంగంలోని 222వ అధికరణం చెబుతోంది, ఆ సంప్రదింపు సక్రమంగా జరగలేదన్నది అక్కడ తేలిన విషయం. ఆ రోజుల్లో అలాంటి తీర్పు రాసినవారి ధైర్యానికి దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదు.

కేంద్రం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1977 సెప్టెంబరులో తీర్పు వచ్చేనాటికి ప్రభుత్వం మారింది, సేఠ్‌ను వెనక్కి పంపడానికి ఒప్పుకుంది. అయినా అయిదుగురు న్యాయమూర్తులూ అసలు ప్రశ్నను వదల్లేదు. బదిలీకి జడ్జి సమ్మతి అక్కర్లేదు కానీ అది ప్రజాహితం కోసమే ఉండాలి, వివరాలన్నీ ముందు పెట్టి ప్రధాన న్యాయమూర్తిని నిజంగా సంప్రదించాలి అన్నారు ముగ్గురు. భగవతి, ఉంత్వాలియా మాత్రం సమ్మతి తప్పనిసరి అన్నారు. నా మనసు వీరి వైపే మొగ్గుతుంది. బదిలీతో పాత కోర్టులో ఆ పదవి ఖాళీ అవుతుంది. దాన్ని శిక్షగా వాడితే జడ్జిని తొలగించాల్సిన పనే ఉండదు, పార్లమెంటు గడప తొక్కకుండానే లొంగదీయవచ్చు.

1981లో సుప్రీంకోర్టు తీర్పుతో జడ్జీల నియామకాలు, బదిలీలపై పెత్తనం ప్రభుత్వానికే దక్కింది. 1993, 1998 తీర్పులతో అది సుప్రీంకోర్టు సీనియర్ జడ్జీల బృందమైన కొలీజియం చేతికి వచ్చింది. కొలీజియం స్థానంలో తెచ్చిన జడ్జీల నియామకాల కమిషన్‌ను 2015 అక్టోబరు 16న సుప్రీంకోర్టు కొట్టేసినప్పుడు, కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్ ఒక్కరే విభేదించారు. కొలీజియం పనితీరులో పారదర్శకత లేదన్నది ఆయన అభ్యంతరాల్లో ఒకటి. 2017 నుంచి తీర్మానాలు బయటపెడుతున్నారు. బదిలీల దగ్గరకొచ్చేసరికి మాత్రం చాలాసార్లు కనిపించేది మెరుగైన న్యాయపాలన కోసం అనే ఒక్క ముక్కే. నియామకం ఎవరి చేతిలో ఉండాలన్న వాదన ఎటు తేలినా సరే, బదిలీ చేసే ప్రతిసారీ కారణాన్ని ముందుగా ఆ జడ్జికి రాతపూర్వకంగా ఇవ్వాలి, ఆయన జవాబును కూడా ఫైలులో చేర్చాలి.