చిట్టెలుక ఊపిరితిత్తిలో దొరికిన గుర్తు బొగ్గుబాయికి ఎంతవరకు సాక్ష్యం?

బెల్లంపల్లి బాయిల్లో పాతికేళ్లు పనిచేసిన కార్మికుడి ఊపిరితిత్తుల్లో ఏం జరిగిందో చూడటానికి మన చేతిలో ఉన్న మామూలు సాధనం నిర్ణీత వ్యవధుల్లో జరిగే వైద్యపరీక్ష (పీఎంఈ)లో తీసే ఛాతీ ఎక్స్‌రే. అందులో కనిపించేది నీడ. ఆ నీడ పడేసరికే ఊపిరితిత్తి మచ్చకట్టి ఉంటుంది. అంతకు ఏళ్ల ముందు దుమ్ము రేణువును ఏ కణం మింగింది, అది చచ్చిపోతూ ఏ కణాలను పిలిచింది, వాటిలో ఏవి మచ్చకు దారితీశాయి అన్నవి ఎక్స్‌రేకు అందవు. ఈ తొలిదశ గురించి ఇవాళ మనకు తెలిసినదాంట్లో పెద్ద భాగం చిట్టెలుకల నుంచి వచ్చింది. చిట్టెలుకలో ఏ కణం ఏదో చెప్పింది, ఒకే అణువును పట్టుకునే మోనోక్లోనల్ యాంటీబాడీలు. కాబట్టి ఆ యాంటీబాడీలు చెప్పినదాన్ని ఎంతవరకు నమ్మవచ్చన్న ప్రశ్న ప్రయోగశాల గోడల మధ్యే ఆగిపోయేది కాదు.

ముందు దుమ్ము సంగతి. బొగ్గు దుమ్మంతా ఒకటి కాదు. బొగ్గుపొర కింద, పైన ఉండే ఇసుకరాయిని తొలిచినప్పుడు స్ఫటిక సిలికా, అంటే క్వార్ట్జ్, గాలిలో కలుస్తుంది. తట్ట, చెమ్మస్ పట్టి బొగ్గు నింపిన రోజుల్లోనూ దుమ్ము ఉంది. యంత్రాలు వచ్చి, పైకప్పుకు బోల్టులు వేయడానికి రాయిని తొలిచే పని పెరిగాక దాని స్వభావం మారింది. అమెరికాలోని వర్జీనియాలో మూడు క్లినిక్కుల రికార్డులు చూసిన పరిశోధకులు 2013 నుంచి 2017 వరకు 416 మంది గని కార్మికుల్లో తీవ్రమైన మచ్చవ్యాధిని గుర్తించారు. పలచని బొగ్గుపొరల కోసం రాయిని కోయడం, దానితో పెరిగిన సిలికా ఇందుకు ముఖ్య కారణమై ఉండవచ్చని అక్కడి నిపుణుల అంచనా. ఆ లెక్కను తెచ్చి గోదావరి లోయకు అతికించకూడదు. రాయి వేరు, పని పద్ధతి వేరు. సిలికా మీద విడిగా దృష్టి పెట్టాలనడానికి మాత్రం అది చాలినంత కారణం.

ఇక్కడ సింగరేణి నేలకు నేరుగా తగిలే ఒక పేరుంది. కన్నెగంటి తిరుమలదేవిది కొత్తగూడెం. అక్కడి సింగరేణి కాలరీస్ మహిళా కళాశాలలో డిగ్రీ, ఉస్మానియాలో పీజీ, పీహెచ్‌డీ చేసి అమెరికా వెళ్లారు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఉండగా 2006లో ఆమె ప్రథమ రచయితగా ‘నేచర్’లో ఒక పత్రం వచ్చింది. ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే ప్రొటీన్ బ్యాక్టీరియా ఆర్‌ఎన్‌ఏ వంటి సంకేతాలకు స్పందించి కణంలో మంటను, అంటే ఇన్‌ఫ్లమేషన్‌ను, రగిలిస్తుందని దాని జన్యువు తీసేసిన చిట్టెలుకల సాయంతో అది చూపింది. 2007 నుంచి ఆమె మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రిలో పరిశోధన సాగిస్తున్నారు. 2008లో వేరే బృందాలు మరో ముక్క కలిపాయి: సిలికా స్ఫటికాలను మింగిన తెల్లకణాలైన మాక్రోఫేజ్‌లలో కూడా పనిచేసేది ఇదే ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 మార్గం. ఆ జన్యువు లేని చిట్టెలుకలకు సిలికా ఇస్తే మంట, మచ్చను కట్టే కొలాజెన్ పేరుకోవడం రెండూ తగ్గాయి. ఆమె మొదటి ప్రశ్న సూక్ష్మజీవుల గురించి, బొగ్గు గురించి కాదు. కానీ గనుల ఊళ్లో చదువుకున్న శాస్త్రవేత్త వెలికితీసిన మార్గం గని దుమ్ము దగ్గరికే రావడం ఈ ప్రాంతపు బడిపిల్లలకు తెలియాల్సిన విషయమని నా గట్టి అభిప్రాయం.

సిలికా మింగిన ఆ మాక్రోఫేజ్‌ను మాక్రోఫేజ్ అని ఎలా తేల్చారు? మైక్రోస్కోపు కింద తెల్లకణాలు చాలావరకు ఒకలాగే ఉంటాయి. కణం ఉపరితలం మీది ప్రొటీన్లను బట్టి వాటిని విడదీయాలి. 1975లో కేంబ్రిడ్జ్‌లో జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్ ఒకే అణువును పట్టుకునే యాంటీబాడీని ఎంత కావాలంటే అంత తయారుచేసుకునే దారి కనిపెట్టారు. 1984లో నోబెల్ అందుకున్నారు. మిల్‌స్టీన్ ప్రయోగశాలలోనే టిమొతీ స్ప్రింగర్ చిట్టెలుక ప్లీహంలోని కణాలను ర్యాట్ జాతి ఎలుకకు ఎక్కించి, దాని శరీరం తయారుచేసిన యాంటీబాడీలను ఒక్కొక్కటిగా వేరుచేశారు. అలా పుట్టినవాటిలో ఒకటి ఎం1/70. యాంటీబాడీ ముందు పుట్టింది. అది పట్టుకున్న అణువు ఏమిటో తర్వాత తేలింది. 1979లో దానికి మాక్-1 అని పేరు పెట్టారు. ఆ అణువులో ఈ యాంటీబాడీ పట్టుకునే భాగాన్ని ఇప్పుడు సీడీ11బీ అంటాం. 1981లో ఆక్స్‌ఫర్డ్‌లో ఎఫ్4/80 వచ్చింది. చిట్టెలుక మాక్రోఫేజ్‌లను గుర్తుపట్టడానికి నలభై ఏళ్లు దాటినా ఈ రెండింటినీ ఇంకా వాడుతున్నారు.

ఇన్నేళ్ల వాడుక వాటిమీద నమ్మకాన్ని పెంచింది. అయితే పాతబడ్డ నమ్మకాన్ని కూడా పరీక్షించాల్సిందేనని చెప్పడానికి ఆర్‌బీ6-8సీ5 కథను మించిన ఉదాహరణ నాకు కనిపించదు. గ్రాన్యులోసైట్లనే తెల్లకణాల గుర్తుగా భావించిన జీఆర్-1ను పట్టుకునే యాంటీబాడీ ఇది. దీన్ని వాడి చిట్టెలుకల్లో వాటిలో ఒక రకమైన న్యూట్రోఫిల్స్‌ను లెక్కపెట్టారు. ఎక్కువ మోతాదులో ఇచ్చి వాటిని తొలగించారు కూడా. తొలగించాక జబ్బు తగ్గితే ‘దోషం న్యూట్రోఫిల్స్‌ది’ అని రాశారు. 1993లో తేలిందేమిటంటే ఈ యాంటీబాడీ లై6జీతో పాటు లై6సీకి కూడా అంటుకుంటుంది. మొదటిది ముఖ్యంగా న్యూట్రోఫిల్స్ మీద ఉంటుంది. రెండోది మోనోసైట్లనే వేరే తెల్లకణాలు, కొన్ని టీ కణాల మీద కూడా ఉంటుంది. అంటే తొలగించినవాటిలో వేరే కణాలూ పోయి ఉండవచ్చు. లై6జీని మాత్రమే పట్టుకునే 1ఏ8 యాంటీబాడీతో ఈ తేడాను 2008లో వివరంగా చూపారు. సిలికా విషయంలో ఇది చిన్న సంగతి కాదు. మచ్చకట్టే ఊపిరితిత్తిలోకి రక్తం నుంచి వచ్చి చేరేవాటిలో మోనోసైట్లు ముఖ్యమైనవి. అవే అక్కడ కొత్త మాక్రోఫేజ్‌లుగా మారతాయి. ఆర్‌బీ6-8సీ5 వాడిన పాత పత్రం కనిపిస్తే దాన్ని కొట్టిపారేయనక్కర్లేదు. ‘న్యూట్రోఫిల్స్’ అని రాసినచోట ‘న్యూట్రోఫిల్స్, బహుశా మోనోసైట్లు’ అని చదువుకోవాలి. దాని ముగింపు బలం ఆ మేరకు తగ్గుతుంది.

ప్రయోగశాల బల్ల మీద కణాలను గుర్తించే పని ఎలా సాగుతుందో చూస్తే పొరపాట్లు ఎక్కడ దూరతాయో తెలుస్తుంది. చిట్టెలుక ఊపిరితిత్తిని చిన్న ముక్కలుగా కోసి, కొలాజినేజ్ ఎంజైమ్‌లో నానబెట్టి, సన్నటి జల్లెడలో వడగడతారు. ఎర్రకణాలను పగలగొట్టి తీసేస్తారు. చచ్చిన కణాలను పట్టిచ్చే రంగు కలుపుతారు. చచ్చిన కణానికి ఏ యాంటీబాడీ అయినా అతుక్కుంటుంది. తర్వాత మాక్రోఫేజ్‌ల మీది ఎఫ్‌సీ గ్రాహకాలను 2.4జీ2 అనే యాంటీబాడీతో మూసేయాలి. మూయకపోతే మనం వేసే యాంటీబాడీ తన అసలు కొసతో కాక తోకతో వాటికి తగులుకుని లేని గుర్తును ఉన్నట్టు చూపిస్తుంది. ఆ తర్వాతే మెరిసే రంగు తగిలించిన యాంటీబాడీలను చలిలో, చీకట్లో కలిపి ఫ్లో సైటోమీటర్‌లో ఒక్కో కణాన్ని లేజర్ ముందు నడిపిస్తారు.

దుమ్ము పట్టిన ఊపిరితిత్తిలో ఇక్కడే అసలు చిక్కు వస్తుంది. వాయుగోణుల్లోని మాక్రోఫేజ్‌లు ఏ యాంటీబాడీ వేయకుండానే స్వయంగా మెరుస్తాయి. రేణువులు మింగిన కణం లేజర్ కాంతిని వేరేలా చెదరగొడుతుంది. నల్లటి కార్బన్ కాంతిని మింగేస్తుంది కూడా. కణాలను విడదీయడానికి దుమ్ము ఇవ్వని ఎలుకలో గీసిన గీతను దుమ్ము ఇచ్చిన ఎలుకకు యథాతథంగా వాడితే, కణం మారిందా, కేవలం దాని వెలుగు మారిందా అన్నది తేలదు. అందుకే ఒక్కో రంగును మినహాయించి చేసిన నియంత్రణ నమూనాలు రెండు గుంపుల నుంచీ ఉండాలి. ఆ అణువు జన్యువే లేని చిట్టెలుక కణాలపై కూడా యాంటీబాడీని పరీక్షిస్తే మరీ మంచిది. మోనోక్లోనల్ అన్న పేరు ఒక్కటే భరోసా కాదు. 2018లో ఇలాంటి యాంటీబాడీలను తయారుచేసే 185 హైబ్రిడోమా కణవరసలను పరిశీలిస్తే దాదాపు మూడో వంతులో అనుకున్నవాటితో పాటు అదనపు యాంటీబాడీ గొలుసులు బయటపడ్డాయి. ఒక పత్రంలో క్లోన్ పేరు, మోతాదు, నియంత్రణలు లేకపోతే దాని రంగురంగుల చుక్కల బొమ్మ ఎంత అందంగా ఉన్నా నేను దాన్ని బలహీన సాక్ష్యంగానే లెక్కిస్తాను. ఆ ప్రయోగంలో ప్రాణాలు పోయిన జంతువుల పట్ల కూడా అది బాధ్యతారాహిత్యం.

ఇవన్నీ సరిగ్గా చేసినా గుర్తుకు ఒక హద్దు ఉంది. ల్యాంప్ రూమ్‌లో బిళ్ల ఉంటే మనిషి బాయిలోకి దిగాడని తెలుస్తుంది, లోపల ఏ పని చేశాడో తెలియదు; కణం మీది గుర్తు కూడా అంతే. సీడీ11బీ ఉన్న కణాలు పెరిగాయంటే అవి వచ్చాయని అర్థం. మచ్చకు కారణం అవేనని చెప్పాలంటే వాటిని తొలగించో, వాటి జన్యువును మార్చో చూడాలి.

చిట్టెలుక నుంచి మనిషికి రావడం మరింత జాగ్రత్తగా చేయాల్సిన పని. సిలికా ప్రయోగాల్లో సాధారణంగా పాతిక గ్రాముల బరువున్న జీవి ఊపిరితిత్తుల్లోకి కొన్ని మిల్లీగ్రాముల దుమ్మును ఒకేసారి దించుతారు. కార్మికుడు దాన్ని షిఫ్టు తర్వాత షిఫ్టు, ఏళ్ల తరబడి పీలుస్తాడు. బొగ్గు దుమ్ము మచ్చలు మనిషిలో మొదట కనిపించేది శ్వాస బ్రాంకియోల్స్ అనే సన్నని గాలిగొట్టాల చుట్టూ. చిట్టెలుక ఊపిరితిత్తిలో ఆ భాగం దాదాపు లేనే లేదు. గుర్తులూ జాతి మారితే అర్థం మార్చుకుంటాయి. చిట్టెలుకలో మాక్రోఫేజ్‌కు గుర్తయిన ఎఫ్4/80 ప్రొటీన్‌కు సాటి వచ్చే మానవ ప్రొటీన్ ఇయోసినోఫిల్స్ మీద కనిపిస్తుంది. చిట్టెలుక వాయుగోణ మాక్రోఫేజ్‌ను పట్టిచ్చే సిగ్లెక్-ఎఫ్‌కు దగ్గరి మానవ అణువు సిగ్లెక్-8. మనిషి వాయుగోణ మాక్రోఫేజ్‌ల మీద అది గుర్తుగా పనికిరాదు.

కాబట్టి నా అంచనాలో సాక్ష్యం ఇంతవరకే ఉంది: సిలికా ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 మార్గాన్ని మేల్కొలుపుతుందన్నది చిట్టెలుకల్లో గట్టిగా నిలబడింది. ఏ కణాలు వచ్చి చేరతాయన్నది, సరైన యాంటీబాడీలు వాడిన పత్రాల్లో, ఓ మోస్తరు బలంగా ఉంది. సింగరేణి కార్మికుడి మచ్చ కూడా అదే క్రమంలో ఏర్పడుతుందనడం ఇంకా ఊహే. ఆ ఊహ తేలేదాకా బాయిలో దుమ్ము తగ్గించే పని ఆగనక్కర్లేదు. తొలిచేటప్పుడు నీళ్లు కొట్టడానికి, గాలి ఆడించడానికి ఏ యాంటీబాడీ అనుమతీ అవసరం లేదు.

ఊహను పరీక్షించే దారి ఉంది. బెల్లంపల్లి నుంచి హైదరాబాద్ కొన్ని గంటల రైలు ప్రయాణం. వైద్య అవసరం కొద్దీ ఊపిరితిత్తులు కడిగి తీసిన ద్రవంలో, కార్మికుడి అనుమతితో, కణాలను పరిశీలించవచ్చు. ఎం1/70 మనిషి సీడీ11బీని కూడా పట్టుకుంటుంది. మిగతా చిట్టెలుక గుర్తుల బదులు సీడీ169, సీడీ206 లాంటి మానవ గుర్తులు వాడాలి. పోలిక కోసం అదే ఊళ్లో అదే వయసుండి బాయి దిగనివాళ్లు కావాలి. బీడీ, కట్టెల పొయ్యి పొగ లెక్కలోకి రావాలి. అన్నిటికంటే ముందు క్షయ పరీక్ష జరగాలి. సిలికా పీల్చినవారికి క్షయ ముప్పు ఎక్కువ. క్షయ సోకిన ఊపిరితిత్తిలోకి కూడా సీడీ11బీ ఉన్న కణాలే వచ్చి చేరతాయి, అవి ఏ కారణంతో వచ్చాయో యాంటీబాడీ విడదీసి చెప్పలేదు.